హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ - రక్తపోటు కథ

మా అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. ముందురోజు సాయంత్రం మత్తుమందు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. రోజూ ఏం మాత్రలు వేసుకుంటున్నారని అడిగింది.

"బి.పి. మాత్ర తల్లీ. పొద్దున్నే ఒకటి. పదేండ్లుగా ఒక్కనాడూ తప్పలే" అంది అమ్మ, ఏదో వ్రతం గురించి చెప్పినట్టు.

డాక్టరమ్మ మాత్రల చీటీ చూసింది. "ఈ రకం మాత్ర రేపు పొద్దున వేసుకోవద్దమ్మా."

"అదేంది! బి.పి. పెరిగితే ప్రమాదమని మీరే చెప్తిరి గదా?"

"పెరిగితే ప్రమాదమే. రేపు బల్ల మీద మాత్రం అది పడిపోతుందేమోనన్నదే నా భయం."

ఆపరేషన్ బాగానే జరిగింది. అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నది. ఆ మాట మాత్రం నన్ను వదలలేదు. మనలాంటి వాళ్లకు బి.పి. అంటే పెరిగేదే, ఉప్పు తగ్గించమని, కోపం తగ్గించమని చెప్పేదే. అది పడిపోకుండా కాపలా కాయడం ఒక విద్య అనీ, దాని వెనుక నూటయాభై ఏళ్లు దాటిన వాదం ఉందనీ నాకు తెలియదు. ఆ వాదంలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం లండనులోనో పారిస్‌లోనో కాక హైదరాబాదులో జరిగిందని తెలిశాక ఊరుకోలేకపోయాను. మాది రాయచూరు. అప్పుడు రాయచూరు, గుల్బర్గా, బీదరు, ఔరంగాబాదు అన్నీ నిజాం రాజ్యమే. ఆ ప్రయోగాలకు ఖర్చయిన ఖజానాలో మా ముత్తాతలు కట్టిన శిస్తు కూడా ఉండి ఉంటుంది.

*

1847 నవంబరులో ఎడింబరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారం వాడకం మొదలుపెట్టాడు. దానికి ఏడాది ముందే అమెరికాలో ఈథర్ వచ్చింది. ఈథర్ ఘాటు, మంట అంటుకుంటుంది, మత్తు ఎక్కడానికి సమయం పడుతుంది. క్లోరోఫారం తియ్యని వాసన, రుమాలు మీద నాలుగు చుక్కలు చాలు. అందుకే అది త్వరగా వ్యాపించింది. వాడకం మొదలై మూడు నెలలు కాకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర విన్లాటన్ అనే ఊళ్లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫారం కింద చనిపోయింది. కాలిగోరుకు ప్రాణం పోవడమేమిటని దేశమంతా అడిగింది.

ఆ పిల్ల ఎందుకు చనిపోయింది? ఊపిరి ముందు ఆగిందా, గుండె ముందు ఆగిందా? ఇక్కడ వైద్యలోకం రెండు పాయలైంది. లండనులో జాన్ స్నో లెక్కలు వేసి, క్లోరోఫారం ఆవిరి గాఢంగా పీలిస్తే అది నేరుగా గుండెనే దెబ్బ తీస్తుందని చెప్పాడు. కలరా నీళ్ల ద్వారా వస్తుందని పంపు కథతో నిరూపించిన జాన్ స్నో ఈయనే. ఆ దారిలో నడిచిన వాళ్లు ఒక వేలు ఎప్పుడూ రోగి నాడి మీదే ఉంచమన్నారు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యులు దీనికి ఎదురు. నాడి జోలికి పోవద్దు, ఊపిరి ఒక్కటి చూడండి, ఊపిరి సరిగా ఉన్నంతవరకు గుండెకు ఏమీ కాదు అన్నది వాళ్ల పాఠం. జోసెఫ్ లిస్టర్ అంతటివాడు కూడా ఆ పక్షమే.

1880 నాటికి గ్లాస్గోలో ఒక సంఘం జంతువుల మీద పరీక్షలు చేసి, క్లోరోఫారం రక్తపోటును బాగా తగ్గిస్తుందని, గుండెను బలహీనపరుస్తుందని తేల్చింది. లండను పక్షం గెలిచిందనే అనుకున్నారు.

సైమ్ శిష్యుల్లో ఒకడు ఎడ్వర్డ్ లారీ. భారత వైద్యసర్వీసులో చేరి, లాహోరులో శస్త్రచికిత్స బోధించి, 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. అక్కడి వైద్యపాఠశాల కూడా అతని చేతికి వచ్చింది. గురువు మాట మీద అతనికున్న గురి మామూలుది కాదు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వేలాది మందికి క్లోరోఫారం ఇప్పించాడు. నాడి పట్టుకుని కూర్చోవడం అతనికి కోపం తెప్పించేది. పట్టుకున్నవాడి దృష్టి ఊపిరి మీదనుంచి మళ్లుతుంది, ఆ మళ్లిన క్షణంలోనే రోగి పోతాడు అనేవాడు. అనుభవం ఉన్నవాడి మాట కనుక కొట్టిపారేయలేం.

1888లో లారీ పూనుకుని మొదటి క్లోరోఫారం కమిషన్ వేయించాడు. ఊరకుక్కలను తెచ్చి, క్లోరోఫారంతో చంపి, ఏది ముందు ఆగుతుందో చూశారు. అన్నిట్లోనూ ఊపిరే ముందు ఆగిందన్నారు. లండనులోని లాన్సెట్ పత్రిక దీన్ని పట్టించుకోలేదు సరికదా, ఇంతకన్నా మంచి పరికరాలతో ఇంతకుముందే చేసినవాళ్లు వేరే మాట చెప్పారు కదా అని ఎత్తిపొడిచింది.

లారీ అప్పుడు చేసిన పని చూడండి. పత్రికకు జవాబు రాసి ఊరుకోలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దొరతనంతో మాట్లాడి, వెయ్యి పౌన్లు ఇప్పిస్తాం, మీకు నమ్మకమున్న శాస్త్రజ్ఞుణ్ణి మీరే ఎంచి పంపండి, మా కళ్లముందు ఆయనే పరీక్ష చేయాలి అని లాన్సెట్‌కే సవాలు విసిరాడు. అప్పటికి నిజాముకు ఇరవైమూడేళ్లు. వజ్రాలకూ వేటకూ ఎంత పోసినా అడిగేవాడు లేని దర్బారు, మత్తుమందు కింద మనిషి ఎందుకు చస్తాడన్న ప్రశ్నకు డబ్బు పెట్టింది. ఈ ఒక్క విషయానికి ఆ దర్బారును మెచ్చుకోకుండా ఉండలేను.

లాన్సెట్ పంపిన మనిషి టి. లాడర్ బ్రంటన్. మందుల ప్రభావం గురించి ఆ కాలంలో ఆయనకు మించిన పేరు లేదు. గుండె నొప్పికి ఎమైల్ నైట్రైట్ ఆవిరి పనిచేస్తుందని 1867లో కనిపెట్టినవాడు. క్లోరోఫారం గుండెకు ప్రమాదమనే నమ్మకంతోనే ఆయన ఓడ ఎక్కాడు.

*

1889 చివరి నెలల్లో జరిగిన ఆ పరీక్షల తీరు కొంచెం చెప్పాలి. ఈ వ్యాసానికి అసలు విషయం అక్కడే ఉంది.

అప్పటికి మనిషి చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూసే సాధనం లేదు. జంతువు ధమనిలోకి గొట్టం పెట్టి, దాన్ని పాదరసం నింపిన వంపు గొట్టానికి కలిపేవారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా పాదరసం లేచి పడుతుంది. దాని మీద తేలే పుల్ల చివర చిన్న సూది. ఆ సూది, మసి పట్టించిన కాగితం చుట్టి తిరిగే పీపా మీద, గీత గీస్తుంది. 1840ల చివర జర్మనీలో కార్ల్ లుడ్విగ్ తయారుచేసిన ఏర్పాటు ఇది. గీత పైన ఉంటే పోటు ఎక్కువ, కిందికి జారితే తక్కువ. రక్తపోటు పడిపోవడం అన్న మాటకు కంటికి కనిపించే రూపం ఆ గీత.

కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువులు వాడినట్టు బ్రంటన్ లాన్సెట్‌కు తంతి పంపాడు. వందకు పైగా జంతువుల్లో ఈ పాదరస గొట్టం పెట్టి గీతలు తీశారు. ఆ గీతలకు ఫోటోలు కూడా తీయించారు. మత్తు కింద రక్తపోటును ఇంత విస్తారంగా కొలిచిన సందర్భం అంతకుముందు లోకంలో ఎక్కడా లేదు. చదువుతుంటే ఆ మూగజీవాల లెక్కకు మనసు చివుక్కుమంటుంది. అయినా జరిగింది జరిగినట్టే చెప్పాలి.

గీతలు ఏం చూపించాయి? క్లోరోఫారం పెరిగేకొద్దీ గీత దిగింది. ప్రతి జంతువులోనూ దిగింది. ఊపిరి ఆగిన తరువాత కూడా గుండె కాసేపు కొట్టుకుంది. బ్రంటన్ తన పాత నమ్మకాన్ని వదులుకున్నాడు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లా, మోతాదు మించడం వల్లా వస్తుందే తప్ప నేరుగా గుండెకు ఏమీ లేదని తంతిలో తేల్చేశాడు. మరి ఆ దిగిన గీత మాటేమిటి? దానికి కమిషన్ ఇచ్చిన అర్థం ఈనాడు చదివితే ఆశ్చర్యమేస్తుంది. పోటు తగ్గడం దానంతటది హాని చేయదన్నారు. పైగా అది రక్షణ అన్నారు. పోటు తగ్గితే రక్తం నెమ్మదిగా నడుస్తుంది, నెమ్మదిగా నడిస్తే విషం మెదడుకు తొందరగా చేరదు, కనుక ప్రకృతి తనను తాను కాపాడుకుంటోంది అని వాదన.

గీత వాళ్ల చేతిలోనే ఉంది. దాన్ని చూసి పక్కన పెట్టేశారు. రాబోయే నూరేళ్ల మత్తువైద్యానికి కావలసిన కొలత హైదరాబాదులో తీయబడి, హైదరాబాదులోనే నిర్దోషి అని తీర్పు పొంది బయటికి వెళ్లిపోయింది.

ఎందుకిలా జరిగింది? నాకు తోచిన కారణం ఒకటి చెబుతాను. వాళ్లు అడిగిన ప్రశ్నే ఇరుకైనది. "ఏది ముందు ఆగుతుంది?" అన్నారు. చావును మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. గుండె ఆగకపోయినా, కొట్టుకుంటూనే ఉన్నా, పోటు చాలక లోపల అవయవాలకు ఏమవుతుందన్నది వాళ్ల ప్రశ్నలో లేదు. కుక్క బతికితే బతికినట్టే. దాని మూత్రపిండాలను తరువాత వారంలో ఎవరు చూశారు? ఇక గురువు గెలవాలన్న లారీ పట్టుదల సంగతి చెప్పనే అక్కరలేదు.

తీర్పు ఎక్కువ కాలం నిలవలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు తెలివైన ఉపాయం చేశారు. ఒక జంతువు మెదడుకు మరో జంతువు రక్తం వెళ్లేలా కలిపారు. క్లోరోఫారం మెదడుకు మాత్రమే చేరినప్పుడు పోటు పడలేదు. గుండె ఉన్న ఒంట్లోకి చేరినప్పుడు పడింది. కాబట్టి దెబ్బ గుండెకూ రక్తనాళాలకూ నేరుగా తగులుతోంది. ప్రకృతి చేసే రక్షణ అన్నమాట అక్కడితో కూలిపోయింది. హానా గ్రీనర్ లాంటి హఠాన్మరణాలకు సరైన కారణం 1911లో ఎ. జి. లెవీ చూపించాడు. మత్తు పైపైన ఉన్నప్పుడు, భయంతోనో నొప్పితోనో ఒంట్లో ఎడ్రినలిన్ పొంగినప్పుడు, క్లోరోఫారం పట్టిన గుండె లయ తప్పి గిలగిల కొట్టుకుని ఆగిపోతుంది. కత్తికి భయపడి వణుకుతూ బల్లెక్కిన పిల్లకు జరిగింది అదే అయి ఉండాలని అప్పటినుంచి చాలామంది వైద్యులు భావించారు.

లారీ ఓడిపోయినా అతను చెప్పినదాంట్లో సగం నిజం. ఊపిరి మీద కన్ను వేసి ఉంచమన్న సలహా చాలామంది ప్రాణాలు కాపాడి ఉంటుంది. అతని పాఠశాల నుంచే రూపాబాయి ఫర్దూంజీ అనే పార్శీ యువతి వైద్యపట్టా పొంది, 1889 నుంచి 1917 దాకా హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇచ్చింది. మధ్యలో ఎడింబరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి వచ్చింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలని ఆమెను ఈనాడు గుర్తిస్తున్నారు. కమిషన్ గురించి మన పెద్దలు గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆమె పేరు వినబడదు. కమిషన్ తేల్చినది తప్పని కూడా వినబడదు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 సెప్టెంబరు మూసీ వరద తుడిచిపెట్టింది. తరువాత కట్టినదే ఉస్మానియా ఆసుపత్రి.

*

ఇక చేతికి కట్టే పట్టీ. 1896లో ఇటలీలో రివా-రోచి గాలి నింపే రబ్బరు పట్టీతో మనిషి రక్తపోటు కొలిచాడు. అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1901లో పావియా ఊళ్లో ఆసుపత్రికి వెళ్లి, రోగి మంచం పక్కన అది పనిచేయడం చూశాడు. అతనికి అది ఎందుకంత నచ్చిందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కు పోవాలి. హార్వర్డులో విద్యార్థిగా ఉండగా అతను ఈథర్ ఇస్తున్న రోగి బల్ల మీదే చనిపోయాడు. ఆ బాధతో అతను, స్నేహితుడు కాడ్‌మన్ కలిసి, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నాడినీ ఊపిరినీ కాగితం మీద చుక్కలు పెట్టి రాసే పద్ధతి మొదలుపెట్టారు. 1894 నాటి ఆ కాగితాల్లో రక్తపోటు ఒక్కటే లోటు. పావియాలో అది దొరికింది.

కుషింగ్ దాన్ని అమెరికాకు తెచ్చి, మత్తు కింద ఉన్న ప్రతివాడికీ వాడమన్నాడు. క్లీవ్‌లాండులో జార్జ్ క్రైల్ 1903లో శస్త్రచికిత్సలో రక్తపోటు మీద ఒక గ్రంథమే వేశాడు. పోటు పడిపోయిన వాళ్లకు తొడగడానికి గాలి నింపే రబ్బరు దుస్తులు కూడా చేయించాడు. కాళ్లనూ పొట్టనూ నొక్కిపెడితే రక్తం గుండెకు తిరిగి వస్తుందని. నవ్వొచ్చినా సూత్రం తప్పు కాదు. ఇంతలో బోస్టనులో హార్వర్డు పెద్దలు ఒక సంఘంగా కూర్చుని, ఆలోచించి, నేర్పరి వేలు నాడి మీద ఉంటే చాలు, ఈ యంత్రంతో పెద్ద ప్రయోజనం లేదని తేల్చారు. అది 1904. అదే హార్వర్డు ఆసుపత్రులు 1986లో, మత్తు కింద ఉన్న ప్రతి రోగికీ ఐదు నిమిషాలకొకసారి తగ్గకుండా రక్తపోటు చూడవలసిందే అని నియమం ప్రకటించాయి. అంగీకరించడానికి ఎనభై రెండేళ్లు పట్టింది.

వెన్నులో ఇచ్చే మత్తు వేరే కథ. 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ మొదలుపెట్టాడు. మా అమ్మకు ఇచ్చింది కూడా అదే. నడుము కింద నొప్పి తెలియకుండా చేసే మందు, అక్కడి రక్తనాళాలను బిగబట్టి ఉంచే నరాలను కూడా నిద్రపుచ్చుతుంది. నాళాలు సడలిపోతాయి. రక్తం కాళ్లలో నిలిచిపోతుంది. గుండెకు తిరిగి వచ్చేది తగ్గుతుంది. మన పల్లెల భాషలో చెప్పాలంటే, కాలువ గట్లు వెడల్పయినట్టు. నీళ్లు అన్నే ఉన్నా మట్టం పడిపోతుంది, చివరి చేలకు అందదు. ఒంట్లో ఆ చివరి చేలు మెదడు, మూత్రపిండాలు, గుండె కండరం.

దీనికి మందు చైనా నుంచి వచ్చింది. మా-హువాంగ్ అనే మొక్కను వాళ్లు వేల ఏళ్లుగా వాడుతున్నారు. అందులోని ఎఫిడ్రిన్‌ను 1885లో జపానులో నగాయి వేరుచేశాడు. 1924లో పెకింగులో చెన్, ష్మిట్ దాని శక్తి ఏమిటో లోకానికి చెప్పారు. మూడేళ్లు తిరక్కుండానే వెన్నుమత్తులో పడిపోయే పోటును నిలపడానికి దాన్ని వాడారు. హైదరాబాదులో రక్షణ అనిపించుకున్నదాన్ని ఆపడానికి ఇప్పుడు మందు దొరికింది.

అయినా పాత నమ్మకం అంత తేలిగ్గా చావలేదు. 1948లో, అదీ ఎడింబరోలోనే, గ్రిఫిత్స్, గిల్లీస్ అనే ఇద్దరు వెన్నుమత్తును పైదాకా ఎక్కించి, కావాలనే రక్తపోటును బాగా దించేశారు. పోటు తక్కువైతే రక్తస్రావం తక్కువ, శస్త్రవైద్యుడికి కత్తి కింద చోటు శుభ్రంగా కనిపిస్తుంది. 1950లో ఎండర్బీ ఇదే పనికి పెంటామెథోనియం అనే మందు వాడాడు. కొన్నేళ్లు అదొక ఫ్యాషన్. ఎక్కువమంది లేచి కూర్చున్నారు. లేవనివాళ్లను చూసి క్రమంగా జాగ్రత్తపడ్డారు. నేటికీ కొన్ని ఆపరేషన్లలో కొంత దించుతారు గాని, ఎంతవరకు అన్నది రోగిని బట్టి చూసుకుంటారు.

కాన్పు ఆపరేషన్లలో విషయం మరీ సున్నితం. నిండు గర్భిణి వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి, గుండెకు రక్తం రాదు. 1953లో దీన్ని వివరంగా రాశారు. కుడి తుంటి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టి ఎడమకు వాల్చడం అప్పటినుంచి వచ్చింది. దాని మీద వెన్నుమత్తు పడితే ఇద్దరి ప్రాణాలూ ఒకే పోటు మీద ఆధారపడతాయి. ముందుగా సీసాల కొద్దీ సెలైన్ ఎక్కించి పెడితే పోటు పడదని చాలాకాలం నమ్మారు. 1993లో ఒక పరీక్ష, ముందుగా ఎక్కించిన సెలైన్ అనుకున్నంత మేలు చేయడం లేదని చూపించింది. మత్తు ఎక్కుతున్న సమయంలోనే వేగంగా ఎక్కించడం మేలని తరువాత తేలింది. ఎఫిడ్రిన్ గొప్పదని గొర్రెల మీద పరీక్షలతో 1970లలో తేల్చారు. ఆ తరువాత హాంగ్‌కాంగ్‌లో న్గన్ కీ బృందం చేసిన పరీక్షల్లో, పుట్టిన బిడ్డ రక్తంలో ఆమ్లం పెరగకుండా చూసేది ఫినైలెఫ్రిన్ అని తేలింది. 2018లో వివిధ దేశాల వైద్యులు కలిసి ఇచ్చిన సలహా ఇది: పోటు పడేదాకా ఆగవద్దు, వెన్నుమత్తు ఇచ్చిన వెంటనే ఈ మందు ధారగా మొదలుపెట్టండి, తల్లి మామూలు పోటులో నూటికి తొంభై వంతులకు తగ్గనివ్వవద్దు.

*

లారీ అడగని ప్రశ్న, అంటే బతికినవాడి లోపల ఏం జరిగిందన్నది, గట్టిగా అడిగింది ఈ శతాబ్దంలోనే.

2008లో మన దేశంతో సహా 23 దేశాల్లో 8,351 మంది మీద జరిగిన పోయిస్ అనే పరీక్ష వైద్యులను నిద్రలేపింది. ఆపరేషన్‌కు ముందు మెటోప్రొలాల్ ఇస్తే గుండెకు రక్షణ అని అనుకున్నారు. నిజంగానే గుండెపోట్లు తగ్గాయి. చావులూ పక్షవాతాలూ పెరిగాయి. మెటోప్రొలాల్ ఇచ్చినవాళ్లలో నూటికి 3.1 మంది చనిపోతే, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 2.3 మంది చనిపోయారు. వెనక్కు తిరిగి చూస్తే పడిపోయిన రక్తపోటే ముఖ్యమైన దోషిగా కనిపించింది.

2013లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో జరిగిన 33,330 ఆపరేషన్ల లెక్కలు తీశారు. సగటు పోటు 55 మిల్లీమీటర్ల కన్నా దిగినవాళ్లలో, ఆ దిగుడు ఐదు నిమిషాలలోపే అయినా, మూత్రపిండాలకూ గుండెకూ దెబ్బ ఎక్కువగా కనిపించింది. సమయం పెరిగితే దెబ్బ పెరిగింది. 2017లో ఫ్రాన్సులో 298 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టులో ప్రతి మనిషి పోటునూ అతని సొంత మామూలు పోటుకు పదిశాతం లోపలే పట్టి ఉంచారు. రెండో జట్టులో అందరికీ ఒకే లెక్క. అవయవాలు దెబ్బతిన్నవాళ్లు మొదటి జట్టులో నూటికి 38, రెండో దాంట్లో 52. ఎనభై ఏళ్ల బి.పి. మనిషికి నూటపది అంటే, ఇరవై ఏళ్ల పిల్లవాడికి నూటపది అంటే, ఒకటి కాదన్నమాట.

ఇంతటితో అంతా తేలిపోయిందని అనుకోవద్దు. 2022లో 7,490 మంది మీద జరిగిన పోయిస్-3 పరీక్షలో, పోటు పడకుండా చూసిన జట్టుకూ పెరగకుండా చూసిన జట్టుకూ గుండె, నాళాల దెబ్బల్లో తేడా కనిపించలేదు. అమ్మ మానేసిన రకం మాత్ర సంగతీ అంతే. 2024లో ఫ్రాన్సులో 2,222 మంది మీద చూస్తే, మానేసినవాళ్లకూ మానకుండా వేసుకున్నవాళ్లకూ మరణాల్లోనూ పెద్ద చిక్కుల్లోనూ తేడా రాలేదు. వేసుకున్నవాళ్లకు బల్ల మీద పోటు మాత్రం ఎక్కువగా పడింది. అసలు ఎంత పడితే 'పడినట్టు' అన్నదే అందరూ ఒప్పుకున్న మాట కాదు. 2007లో ఒక బృందం 130 వ్యాసాలు తిరగేస్తే 140 నిర్వచనాలు దొరికాయట. నిర్వచనాలు వ్యాసాలకన్నా ఎక్కువ! మన సాహిత్యసభల్లో 'ఆధునికత' పరిస్థితి కూడా ఇంతే కదా అనిపించింది.

కాబట్టి డాక్టరమ్మ జాగ్రత్త శిలాశాసనం కాదు. వేరే డాక్టరు వేసుకోమని చెప్పవచ్చు. మాత్ర రకాన్ని బట్టి, మనిషిని బట్టి మాట మారుతుంది. కొన్ని గుండె మాత్రలు సొంతంగా మానేస్తేనే ముప్పు. ఏం వేసుకుంటున్నామో దాచకుండా చెప్పి, వాళ్లు చెప్పినట్టు చేయడమే మన పని. ఊళ్లో నాటువైద్యుడిచ్చిన పొడి అయినా సరే చెప్పాలి.

అమ్మను డిశ్చార్జి చేసేటప్పుడు కాగితాల కట్టలో మత్తు చీటీ నకలు కూడా ఇచ్చారు. ఇంటికొచ్చాక తీరిగ్గా చూశాను. గళ్ల కాగితం మీద ఐదేసి నిమిషాలకు ఒక జత గుర్తులు, పైది ఒకటి, కిందిది ఒకటి. కుషింగ్, కాడ్‌మన్ చుక్కలు పెట్టిన పద్ధతే. వెన్నులో సూది వేసిన పది నిమిషాలకు పైగుర్తు నూటనలభై నుంచి నూటరెండుకు జారింది. దాని కింద చిన్న అక్షరాలతో మందు పేరు, మోతాదు, సమయం రాసి ఉన్నాయి. తరువాతి గడిలో గుర్తు నూటముప్పైకి వచ్చింది. ఆపైన చివరిదాకా దాదాపు తిన్నగా నడిచింది. అమ్మకు చూపించి ఇదేమిటో చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "ఈ పల్లం కాడ నాకేమీ తెలవలేదే!" అంది.